చుట్టానికి తలనొప్పి వడ్డిస్తారా

ఏటా పరీక్షల ముందు మా వైద్య కళాశాల పిల్లల అనుభవ వ్యాసాలు నా బల్ల మీదికి వచ్చి పడతాయి. పల్లెల్లో పరిశోధన చేసి వచ్చాక ఏం నేర్చుకున్నారో రాయాలన్నది నియమం. అందరూ ఒకటే రాస్తారు: 'రోగిని మనిషిగా చూడడం నేర్చుకున్నాను' అని. నిన్నటిదాకా ఏమనుకున్నావు నాయనా, మేక అనుకున్నావా అని పక్కన రాయాలనిపిస్తుంది. రాయను. మార్కులు వేసి ఊరుకుంటాను. ఆ తర్వాత మాత్రం ఉమ్ సిదిర్ గుర్తొచ్చి కాసేపు పని సాగదు.

ఉమ్ సిదిర్ మా జెజీరా సీమలో కాలువ పక్కన పత్తి పండించే ఊరు. నాలుగో ఏడాది చదువులో నన్నూ నా స్నేహితురాలు నిమాత్‌నూ అక్కడికి పంపారు. గర్భిణులకు వచ్చే తలనొప్పి, కాళ్ల వాపు, రక్తపోటు, ఇవీ మా పరిశోధన. రక్తపోటు చూసే పరికరం రెండు ఊళ్లకూ ఒక్కటే. అది ముందు పక్క ఊరి జట్టుకు వెళ్లింది కనుక మేము ప్రశ్నలతో మొదలుపెట్టాం.

మా బస బతూల్ అవ్వ ఇంట్లో. ఆమె కోడలు తుమాదిర్‌కు నెలలు నిండుతున్నాయి. ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారైనా దక్కాలని ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. అవ్వ ప్రతి నమాజు తర్వాత కోడలి కడుపు మీద చెయ్యి వేసి ఏదో చదివేది.

మమ్మల్ని మాత్రం కాలు కింద పెట్టనివ్వలేదు. తాగిన గ్లాసు తీయబోయినా "కూర్చో బిడ్డా, చుట్టంగా వచ్చావు" అని లాక్కునేవారు. అల్లం వేసిన కాఫీ ఒకరు, కిస్రా రొట్టెలు ఒకరు తెచ్చి పెట్టేవారు. ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా ఇదే తంతు.

"తలనొప్పి వస్తోందా?"

"అల్లా దయవల్ల బాగున్నా."

"కాళ్లు వాస్తున్నాయా?"

"అల్లా దయ. టీలో చక్కెర ఎంత వేయమంటావు?"

తుమాదిర్‌ను కూడా అడిగాం. ఆమే అందరికంటే చక్కగా నవ్వి, బాగున్నానంది. ఇంత ఆరోగ్యమైన ఊరు దేశంలోనే లేదని నిమాత్ మురిసిపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే అవ్వ నా మంచం దగ్గరికి వచ్చి చీపురు చేతికిచ్చింది.

"చుట్టరికం మూడు రోజులే, అవీ అయిపోయాయి. ఇంక మీరు చుట్టాలు కారు, ఇంటి పిల్లలు. నువ్వు లేచి వాకిలి ఊడ్చు. నిమాతూ, నువ్వు ఉల్లిపాయలు తరుగు."

"మా అమ్మకే ఎప్పుడూ తరగలేదవ్వా" అంది నిమాత్.

"అందుకే మీ అమ్మ నిన్ను ఇంత దూరం తోలేసింది."

నేను ఊడుస్తూ వంటపాక దాకా వచ్చేసరికి తుమాదిర్ పెనం ముందు కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఇఖ్లాస్, ఈ పెనం కాస్త నువ్వు చూడవే. తల పగిలిపోతోంది."

"ఎప్పట్నుంచి?"

"మీరు రాకముందు నుంచే. నిన్నట్నుంచి కళ్ల ముందు మెరుపులు కూడా."

"మొన్న అడిగితే బాగున్నానన్నావు కదా?"

"మొన్న నువ్వు చుట్టానివి. చుట్టానికి తలనొప్పి వడ్డిస్తారా ఎవరైనా?"

చీపురు పక్కన పడేసి ఆమె కాలి ఎముక మీద వేలితో నొక్కాను. గుంట పడింది, పూడలేదు. ఇవన్నీ రక్తపోటు బాగా పెరిగిన గుర్తులే. ఫిట్స్ వచ్చాయంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. వెంటనే పట్నం తీసుకెళ్లాలన్నాను.

అవ్వ మండిపడింది. "నాలుగు పుస్తకాలు చదివి వచ్చి నా కోడల్ని భయపెడతారా? ఏ ఆడదానికి కాళ్లు వాయవు?"

నిమాత్ కత్తి కింద పెట్టి, ఉల్లిపాయల కన్నీళ్లతోనే లేచి నిలబడింది.

"అవ్వా, నిన్నటి రోజైతే బతిమాలేదాన్ని. ఇవాళ ఇంటి పిల్లని కాబట్టి గదమాయిస్తున్నా. నోరు మూసుకుని బయలుదేరు."

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత ఒంటికి చుట్టుకున్న తోబు కొంగు తల మీదికి లాక్కుని, పత్తి లారీ ఆపడానికి మా అందరికంటే ముందు రోడ్డెక్కింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. నేనూ, నిమాతూ, అవ్వా వరండాలో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఆ ఏడుపంత సుఖం నాకు మళ్లీ ఏ పట్టా వచ్చినప్పుడూ కలగలేదు.

మర్నాడు పెద్ద డాక్టరు వార్డు చూడడానికి వచ్చాడు. తుమాదిర్ మంచం దగ్గర ఆగి, "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"అల్లా దయవల్ల బాగున్నా డాక్టరు గారూ" అంది ఆమె, అదే చక్కటి నవ్వుతో. ఆయన తలాడించి పక్క మంచానికి వెళ్లాడు.

తుమాదిర్ నా కొంగు పట్టుకుని కిందికి లాగింది. "తలనొప్పి మళ్లీ మొదలైంది. ఆయనతో నువ్వు చెప్పవే. పరాయి మనిషితో నేనెలా చెప్తాను?"

చెప్పాను. ఆయన వెనక్కి వచ్చి రక్తపోటు చూశాడు. మళ్లీ బాగా పెరిగింది. నర్సును పిలిచి అప్పటికప్పుడు మందు ఎక్కించాడు.

ఊరికి తిరిగి వెళ్లి ఇల్లిల్లూ మళ్లీ అడిగాం. ఈసారి మా చేతికి ఏదో ఒక పని అప్పజెప్పి, తలనొప్పులూ వాపులూ రాత్రి భయాలూ అన్నీ చెప్పుకున్నారు. కొందరు మొగుళ్లను తిట్టడం కూడా పూర్తి చేసుకున్నారు. ఆ గొంతులు ఇప్పటికీ వినాలనుంది. ఆ ఊరి కబురు తెలిసి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు ఆ పెద్ద డాక్టర్ని నేనే. వెనక పిల్లలంతా నిలబడగా వార్డులో మంచం దగ్గర ఆగి, ఎలా ఉందమ్మా అంటాను. అల్లా దయవల్ల బాగున్నా అంటారు, నవ్వుతూ. నాకు కోపం రాదు. వాళ్లకు నేను చుట్టాన్ని. ఆ మంచం పక్కన ఎవరి కొంగు పట్టుకుంటారా అని చూస్తూ, కదలకుండా అక్కడే నిలబడతాను.