మోతికి పొడి తిండి

మూడు వారాల్లో మా కుక్క మోతికి రెండు తిండి సంచులు మార్చాను. విరేచనాలు ఆగలేదు. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు ఒక్కొక్కటే వేళ్ళకు తగులుతున్నాయి. పశువుల దవాఖానలో డాక్టర్ స్రవంతి దాన్ని తూకం వేసి తల ఊపింది.

"ఇంకో కిలో తగ్గితే సెలైన్ ఎక్కియ్యాలె అమ్మా. ప్రోటీన్ ఎక్కువ, కొవ్వు తక్కువ, సులువుగ అరిగేది తీస్కో."

ఆ మూడు మాటలూ దారంతా వల్లించుకుంటూ హన్మకొండలోని కుక్కల తిండి దుకాణానికి వెళ్ళాను. సంచులన్నిటి మీదా ఇంగ్లీషే. నాకు చదవడం వచ్చింది తెలుగొక్కటే, అదీ యాభై దాటాక. అంకెలు మాత్రం చదవగలను. ఒకదాని మీద 24, ఒకదాని మీద 28, ఇంకోదాని మీద 32. అది ప్రోటీనే అయ్యుంటుందనుకున్నాను.

"ముప్పై రెండుది ఇయ్యి బిడ్డా" అన్నాను దుకాణం శ్యాంసుందర్‌తో.

"అండ్ల కొవ్వు ఇరవై ఉన్నది పెద్దమ్మా."

"అయితే ఇరవై ఎనిమిదిది?"

"దాంట్ల కొవ్వు తక్కువనే. కానీ చికెన్. మోతికి మొన్న చికెన్ పడలే అంటివి గదా."

"చికెన్ పడలేదో, కొవ్వు పడలేదో ఎవరికెరుక?"

"మోతినే అడుగు."

"అది చెప్తే నీ దగ్గరికెందుకొస్త?"

అతను నవ్వి చేపల సంచి దించాడు. ప్రోటీన్ ముప్పై, కొవ్వు పదకొండు. ముళ్ళుంటాయేమోనని నా భయం. పిండి చేసి కలుపుతారన్నాడు. సంచి కట్టబోతూ ఆగాడు.

"పొడిగనే పెడుతున్నవా?"

"పొడిగ ఎట్ల పెడుత? పాలు పోస్త. బతికున్నన్ని దినాలు మా ఆయనకు ఒక్కనాడన్న ఉత్త మెతుకులు పెట్టలే. కూర లేనినాడు సుత చల్ల పోసి పెట్టిన."

"ఎన్ని పాలు?"

"పావు లీటర్. కడుపు బాగలేదని ఈ వారం అర్ధ లీటర్ చేసిన."

శ్యాంసుందర్ నా దిక్కు చూసి, వెంటనే డాక్టర్‌కు ఫోన్ కలిపి, పాల సంగతి చెప్పి నాకిచ్చాడు.

"పెద్ద కుక్కలకు చానవాటికి పాలు అరగయమ్మా" అంది స్రవంతి. "పాలు బంద్ చెయ్యి. తిండి పాతదే పెట్టు. రెండూ ఒక్కసారే మారిస్తే దేనితోని తగ్గిందో తెల్వది."

"పాతది లేదు మేడం. పక్కింటి రెబెకా కోళ్ళకు పోసిన."

"సరే, చేపలదే తీస్కో. కొద్దికొద్దిగ పెట్టు" అంది.

ఇంటికొచ్చి గిన్నెలో గోధుమరంగు గింజలు పోసి, పక్కన నీళ్ళు పెట్టాను. చుట్టాన్ని పిలిచి ఉత్త అన్నం ముందు కూర్చోబెట్టినట్టు అనిపించింది. మోతి వాసన చూసి, నా మొహం చూసి, కూర్చుండిపోయింది. ఇంకా నిలబడితే పాలగిన్నె తెచ్చేస్తానని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. చాలాసేపటికి కరకర నమిలే చప్పుడు వినిపించింది.

నాలుగో రోజుకు విరేచనాలు ఆగాయి. వారానికి దవాఖానకు తీసుకుపోతే మూడు వందల గ్రాములు పెరిగిందన్నారు.

"అయితే తప్పు పాలదా, చికెన్‌దా మేడం?"

"తింటాంది గదమ్మా. ఫికర్ చేయకు. ఇగ ఏం మార్చకు."

సరేనని మోతి తాడు పట్టుకుని వచ్చేశాను. గేటు దాటాక గుర్తొచ్చింది, పెరుగు సంగతి అడగనే లేదు.