లంగరు వేసినట్టు చూపిన ఓడ

"మావాడు యాడుండాడో చూడు ఇంద్రజా," అంది అత్త మహానందమ్మ, కోడలు రొట్టె తడుతుండగానే. కొడుకు ఓడ ఎక్కడుందో తెలిస్తే తప్ప ఆమె కాఫీ ముట్టదు. ఆళ్లగడ్డలోని ఆ ఇంటికి అదొక నియమం. పిండి చేతులు కడుక్కుని, పెనం మీద రొట్టె మాడకుండా చూసుకుంటూ ఫోన్‌లో ఓడల జాడ చూపే యాప్ తెరవాల్సింది కోడలే. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఓడలు తమ పేరు, చోటు, వేగం రేడియోలో వాటంతటవే చాటుకుంటాయి. యాప్‌లో కనపడేది అదే.

ఇంద్రజకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఆమె కూడా ఓడ మీద ఆఫీసరే. "మొగోళ్ళ మధ్య సముద్రాల మీద తిరిగినానని యాడా అనొద్దు, కంప్యూటర్ పనని చెప్పు," అన్నారు అత్తింటివాళ్ళు పెళ్ళిచూపుల నాడే. తలూపింది. అలా ఊపినందుకు తన మీద తనకు ఇప్పటికీ కోపమే. ఇంకో ఐదు నెలల్లో ఆమె ఆఫీసరు సర్టిఫికెట్ గడువు తీరుతుంది. ఆలోపు మూడు నెలలైనా సముద్రం మీద పనిచేయకపోతే అది చిత్తుకాగితమే. ఒక కంపెనీ ఆమె ఎక్కాల్సిన ఓడ పేరుతో సహా రాసి, పనిలోకి రమ్మంది. ఈ సాయంత్రంలోగా జవాబివ్వాలి. "నంద్యాలకు ఒక్కదానివే పోతావా?" అనే ఇంట్లో ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక వారంగా నోరు కుట్టేసుకుంది.

యాప్ చూసి ఉలిక్కిపడింది. భర్త గిరీశ్ ఓడ గుజరాత్ తీరం వదిలి మంచి వేగం మీద పోతోంది. పేరు పక్కన మాత్రం 'లంగరు వేసి ఉంది' అనే ఉంది. బయలుదేరాక ఆ మాటను చేత్తో మార్చాల్సింది ఆ వేళ డ్యూటీలో ఉన్న ఆఫీసరు, అంటే గిరీశే. మరిచిపోయాడు. ఆగి ఉందిలే అని ఇంకో ఓడ దాని ముందు నుంచి దూరితే? గబగబా అతనికి మెసేజ్ పెట్టింది.

"రొట్టెలు తట్టుకునేదానివి, నాకు చెప్పొచ్చినావా?" అని జవాబు. ఐదు నిమిషాలకు లంగరు మాట మాయమైంది.

మధ్యాహ్నం గిరీశ్ డ్యూటీ దిగి తల్లికి ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టింది. "ఓడలో ఒక తప్పు నేనే కనిపెట్టినా మా. కెప్టెన్ మెచ్చుకున్యాడు."

"విన్యావా? నా కొడుకు కండ్లు అట్లాంటివి!" అంటూ మహానందమ్మ కోడలి వైపు తిరిగి పొంగిపోయింది.

ఇంద్రజకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. తన చదువు అతని పేరు మీద చలామణి అవుతోంది, తను అంట్లు తోముతోంది. గదిలోకి వెళ్ళి, వస్తానని కంపెనీకి రాసి పంపింది. వచ్చి అత్త ఫోన్ తీసుకుని, అందులో యాప్ ఎక్కించింది.

"ఇంగ మీరే చూసుకోండి అత్తా. ఈడ నొక్కితే చాలు."

"రెండు ఓడలుండాయే! మావాడిది యాది?"

"పైది ఆయనది. కిందిది నాది."