అన్‌లిమిటెడ్ పక్కన చుక్క

'ల'కు గుడి పెట్టి, కుంచెను డబ్బా అంచుకు రెండుసార్లు రాసి, పండరి నిచ్చెన మీదే కొంచెం వెనక్కి వాలి చూశాడు. అక్షరం నిలబడింది. అక్షరం నిలబడటమంటే ఏమిటో ఇంకొకరికి చెప్పమంటే అతనికి మాటలు దొరకవు. బీర్కూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోయే మనిషికి కూడా అది ఊగకుండా కనపడాలి, అంతే.

బాన్సువాడ ఊరి చివర, బీర్కూర్ రోడ్డు మీద సాంబమూర్తిగారి రైస్ మిల్లు గోడ అది. ముప్పై అడుగుల పొడవు. నిన్న సున్నం కొట్టాడు. పొద్దున్నే నీలిమందు పట్టించిన దారాన్ని అటూ ఇటూ మేకులకు బిగించి, నడుమ పట్టి లాగి వదిలాడు. టప్పున గోడ మీద గీత పడింది. అలాంటివి ఆరు గీతలు. పై రెండు గీతల మధ్య కంపెనీ పేరు. కింది నాలుగింటి మధ్య అసలు సంగతి: 'నెలంతా అన్‌లిమిటెడ్ ఇంటర్నెట్. 98 రూపాయలకే.' ఆ 'అన్‌లిమిటెడ్' చివర, పైన, నక్షత్రం లాంటి ఒక చిన్న చుక్క గుర్తు.

రెండు వేల తొమ్మిది అక్టోబరు. వరికోతలు ఇంకా మొదలు కాలేదు. మిల్లు ముందు రోడ్డు ఖాళీగా ఉంది. పండరికి యాభై ఆరేళ్ళు. నలభై ఏళ్ళుగా డబ్బా మోసిన కుడిభుజం ఎడమభుజం కంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. కొలత చూసేటప్పుడు ఎడమకన్ను మూస్తాడు కాబట్టి ఆ కంటి చుట్టూనే ముడతలు ఎక్కువ. స్నానం చేసినా గోళ్ళ కింద ఏదో ఒక రంగు మిగిలే ఉంటుంది. అది చూసి అతని భార్య గంగవ్వ ఈ వారం ఏ పని దొరికిందో అడగకుండానే చెప్పేస్తుంది.

తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి వెంట దెగ్లూరు వైపు నుంచి చెరకు నరకడానికి వచ్చాడు. ఇంట్లో మరాఠీ. బడి లేదు. తెలుగు అక్షరాలు అతనికి గోడల మీదే వచ్చాయి. పదహారేళ్ళప్పుడు మలేరియా నిర్మూలన వాళ్ళు మూడు ఊళ్ళ గోడల మీద రాయమని ఒక కాగితం ఇచ్చారు. బొమ్మ చూసి బొమ్మ వేసినట్టు మూడు రోజులు రాశాడు. ఒక ముసలామె వచ్చి, "ఏం రాస్తున్నవ్ కొడుకా?" అని అడిగితే చెప్పలేకపోయాడు. ఆ సిగ్గు ఎన్నాళ్ళకూ పోలేదు. అప్పటినుంచి అర్థం అడగకుండా ఏ మాటకూ రంగు పెట్టడు. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, విత్తనాల కంపెనీలు, సబ్బులు, ఎన్నికల గుర్తులు, అన్నీ అలా తెలుసుకునే రాశాడు. 'సంకరజాతి' అంటే ఏమిటో వ్యవసాయ ఆఫీసు మెట్ల మీద కూర్చుని గంటసేపు చెప్పించుకున్నాడు.

'అన్‌లిమిటెడ్' గురించీ అడిగాడు. "హద్దు లేనిది" అని ఒక బడిపంతులు చెప్పాడు. హద్దు లేని వస్తువు తొంభై ఎనిమిది రూపాయలకు ఎట్లా వస్తుందా అని పండరి రెండు రోజులు ఆలోచించాడు. చుక్క గురించి మాత్రం ఈ పని ఇచ్చిన కంపెనీ ఏజెంటును ఒక్కసారే అడిగాడు. "డిజైన్ అన్నా, చిన్నగ పెట్టు. కింద లైను పట్టకపోతే ఇడిసిపెట్టు," అన్నాడు అతను. చుక్క అక్షరం కాదు కదా అని పండరి ఊరుకున్నాడు. అలా ఎనిమిది గోడలు అయిపోయాయి. ఇది తొమ్మిదోది.

"పండరన్నా, చాయ్."

మిల్లు ఎదుట రేకుల కింద చాయ్ పొయ్యి పెట్టుకున్న సోనాబాయి గ్లాసు పట్టుకుని వచ్చింది. గ్లాసు ఇచ్చి వెంటనే వెళ్ళలేదు. కొంగు నడుముకు దోపుకుని గోడ వైపు చూస్తూ నిలబడింది.

"గీ నెట్టుదేనా నువ్వు రాసేది?"

"అవ్ అక్క."

"నస్రుల్లాబాద్ కాడ రాసింది గూడ నువ్వే?"

"నేనే."

"ఎవలో పిల్లగాడు చదివి చెప్తే ఇన్న. నీ చెయ్యి అని గుర్తువట్టిన. నువ్వు రాసినవంటే ఖరారే ఉంటదని మా చాంద్రి ఫోన్ల గా తొంభై ఎనిమిది ఏపిచ్చిన."

పండరి గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు. ఆమె గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

చాంద్రి ఆమె కూతురు. ఇంటర్ చదివి, బోధన్‌లో నర్సు ట్రైనింగుకు అర్జీ పెట్టుకుంది. రెండో జాబితా నెట్‌లో పెడతామన్నారు. పేరు వచ్చినవాళ్ళు ఆ రోజు పొద్దున పదింటిలోపు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాలి, లేకపోతే సీటు తర్వాతి పేరుకు పోతుంది. వారం ముందు నుంచీ చాంద్రి పాత ప్రశ్నపత్రాలు, ఫారాలు ఫోన్లోకి దింపుకుంటూనే ఉంది. హద్దు లేదు కదా. ఆ పొద్దున తండాలో గుట్ట ఎక్కి, సిగ్నల్ దొరికించుకుని, జాబితా తెరిచింది. ఆమె పేరు ఉంది. సంతోషంతో నంబరు నొక్కింది. మీ ఖాతాలో సరిపడా సొమ్ము లేదని ఫోన్ చెప్పింది.

"మాట్లాడేటందుకు ముందుగాల రెండు వందలు ఏపిచ్చిన అన్నా, అవ్వి గూడ పోయినయ్. పేరు సూపెట్టింది గదే, నోరు మూసింది గదే. తండాల ఇంకో ఫోన్ లేకపాయె. రోడ్డు దాకా ఉరికి, ఆటో ఎక్కి, కాయిన్ ఫోన్ డబ్బా కాడికి వచ్చేసరికి పదకొండున్నర. అప్పటికే ఇంకొకలకి ఇచ్చేసిన్రంట. మల్ల వచ్చే ఏడాది రమ్మన్నరు."

"చాంద్రి ఏమంటుంది?"

"ఏమనదు. మాట్లాడతనే లేదు."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. పండరి కుంచెను కిరసనాయిలు డబ్బాలో పెట్టి నిచ్చెన దిగాడు. జేబులోంచి కంపెనీ ఇచ్చిన నమూనా కాగితం తీసి ఎండలో పట్టుకున్నాడు. అడుగున ఒక లైను ఉంది. గీతే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కళ్ళు చికిలించి చూస్తే ఆ గీతకు కొమ్ములు, దీర్ఘాలు ఉన్నట్టున్నాయి. ఆ గీత మొదట్లో, గోడ మీది చుక్కలాంటి చుక్కే ఉంది.

అతనికి గుండె ఒక్కసారి దడదడ కొట్టుకుంది. భయం కాదు. ఆ ముసలామెకు చెప్పలేకపోయిన కొన్నాళ్ళకు, మలేరియా అన్న మాట మొదటిసారి తనంతట తాను చదివినప్పటి దడ అది.

సైకిలెక్కి బస్టాండు దగ్గరికి వెళ్ళాడు. సిమ్‌కార్డులు అమ్మే సాయికిరణ్ దుకాణంలో ఒక్కడే కూర్చుని ఫోన్లో ఏదో నొక్కుతున్నాడు.

"సాయీ, గీ చుక్క ఎందుకు?"

"ఏ చుక్క? గదా, స్టార్ అన్నా. అన్నిట్ల ఉంటది."

"అన్నిట్ల ఎందుకుంటది?"

సాయికిరణ్ నవ్వబోయి, అతని ముఖం చూసి మానేశాడు. "నిజం చెప్పాలంటే నేనెప్పుడు సదవలే అన్నా. ఎవడు అడిగిండు?"

పక్కన మెట్ల కింద గడియారాలు బాగుచేసే ముసలాయన ఉంటాడు. పండరి ఆయన ముందు గొంతుక్కూర్చుని, కంటికి పెట్టుకునే భూతద్దం అడిగాడు. ముసలాయన తీసి ఇచ్చాడు. అద్దం కంటికి బిగించుకుంటే కాగితం మీద గీత ఉబ్బింది, విరిగింది, అక్షరాలయింది. తనదానికంటే సన్నటి కుంచె ఎవరి దగ్గరుందో అనిపించింది పండరికి ఒక్క క్షణం. ఒక్కో అక్షరాన్నీ వేలితో పట్టి పైకి చదివాడు.

"షరతులు వర్తిస్తాయి. మొదటి వంద ఎంబీ వరకే. ఆ పైన ప్రతి పది కేబీకి పది పైసలు."

సాయికిరణ్ దుకాణం దిగి వచ్చి వెనక నిలబడ్డాడు.

"వంద ఎంబీ అంటే ఎంత?" అని అడిగాడు పండరి, అద్దం తీయకుండానే.

"ఎట్ల చెప్పాలె... ఒక పాట నాలుగు ఎంబీ ఉంటది. ఇరవై అయిదు పాటలు."

"ఇరవై ఆరో పాటకు?"

సాయికిరణ్ ఫోన్లో లెక్క కట్టాడు. మళ్ళీ కట్టాడు. "నలభై రూపాయలు," అన్నాడు మెల్లగా. "ఒక్క పాటకు నలభై. అమ్మా... గందుకే అందరు వచ్చి బ్యాలెన్స్ పోయింది, బ్యాలెన్స్ పోయిందని నా మీద లొల్లి చేస్తున్నరు."

ముసలాయన భూతద్దం కోసం చెయ్యి చాపాడు. పండరి దాన్ని చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.

గోడ దగ్గరికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మిల్లు గేటు ముందు కుర్చీలో సాంబమూర్తిగారున్నారు. ఆయన తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చి నిజాంసాగర్ కాలవ కింద భూములు కొన్నాడు. ఆయన పుట్టింది ఇక్కడే అయినా మాట ఇంకా అక్కడిదే. పండరి ఆయన ముందు నిలబడి, కాగితం చూపించి, సంగతంతా చెప్పాడు. చాంద్రి సంగతి కూడా.

"అయితే ఏమంటావు పండరీ?"

"కింద లైను గూడ రాస్త సారు. పై లైనంత సైజుల. మీ గోడ కాబట్టి అడుగుతున్న."

సాంబమూర్తిగారు కాగితం మడిచి తిరిగి ఇచ్చారు. "నిండుగా ఉన్న నిజాంసాగర్ నీళ్ళకే వంతులున్నాయయ్యా. వీళ్ళు హద్దు లేకుండా ఎక్కణ్ణించి ఇస్తారనుకున్నాను నేనూ," అన్నారు. "మా అమ్మాయి సుప్రజ కూడా అదే వేయించుకుంది. రాసెయ్. వాళ్ళొస్తే నాతో మాట్లాడమను."

పండరి మళ్ళీ దారం బిగించాడు. రెండు కొత్త గీతలు పడ్డాయి. రంగు ఏది వాడాలా అని ఆలోచించాడు. కంపెనీ నీలం వాడదలచుకోలేదు. సంచీ అడుగున సొంత డబ్బాలో నల్లరంగు ఉంది, అది తీశాడు. 'షరతులు'లో 'ష' దగ్గర చాలాసేపు పట్టింది. ఆ అక్షరం అతనికి ఎప్పుడూ కొంచెం కష్టమే. పొట్టలో గీత ఎక్కడ వంగాలో చెయ్యికి తెలిసేదాకా గాల్లో రెండుసార్లు రాసుకున్నాడు. ఎంబీ, కేబీ అంటే ఎవరికీ తెలియదని తోచి, ఆ పక్కన కాగితంలో లేని మాట ఒకటి చేర్చాడు: 'అంటే ఇరవై అయిదు పాటలు. ఆ పైన పాటకు నలభై రూపాయలు.' జీవితంలో అతను సొంతంగా గోడ మీద రాసిన మొదటి వాక్యం అదే. రాశాక నిచ్చెన దిగి, రోడ్డు దాటి, బస్సు వెళ్ళే దూరం నుంచి చూశాడు. అక్షరాలు ఊగలేదు.

సోనాబాయి పొయ్యి దగ్గరనుంచి కేకేసింది. "ఏం రాసినవ్ గంత నల్లగ?"

అతను చదివి వినిపించాడు. ఆమె మళ్ళీ చదవమంది. రెండోసారి విన్నాక, "చాంద్రి తప్పు లేదని రాసినవా మరి?" అంది.

"గదే రాసిన అక్క."

పొద్దు వాలేముందు ఏజెంటు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. గోడ చూసి బండి ఆపాడు కానీ దిగలేదు.

"పండరన్నా, నీకు దిమాగ్ ఉందా? గిది ఎవడు రాయమన్నడు?"

"మీ కాయితంలనే ఉంది గద. అబద్ధమైతే చెప్పు, చెరిపేస్త."

ఏజెంటు నల్ల అక్షరాలను మరోసారి చదివాడు. గేటు దగ్గర కుర్చీలోంచి సాంబమూర్తిగారు లేచి నిలబడటం కూడా చూశాడు. "ఇగ మా పని నీకు లేదు," అని మాత్రం అని వెళ్ళిపోయాడు. పండరి కుంచెలు కడగడం మొదలుపెట్టాడు. దుఃఖమేమీ కలగలేదు. ఆకలేసింది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాతి వారాల్లో అతను సైకిల్ మీద వెనకటి గోడల దగ్గరికి వెళ్ళాడు. గంగవ్వ నల్లగోళ్ళు చూసి, "గీ పని ఎవలిది?" అని అడిగింది. ఆమె అడగాల్సి రావడం అదే మొదలు. "నాదే," అన్నాడు. ఎనిమిది గోడల్లో అయిదింటి మీద రాయగలిగాడు. రెండిళ్ళవాళ్ళు వద్దన్నారు, ఇంకో గోడ కూలిపోయింది. నస్రుల్లాబాద్‌ది రాసిన నాలుగో రోజున ఎవరో సున్నం కొట్టేశారు. మళ్ళీ రాశాడు. సాయికిరణ్ దుకాణానికి వచ్చేవాళ్ళు మాత్రం "ఎన్ని పాటలు?" అని అడగడం మొదలుపెట్టారు. చాంద్రి తల్లి పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంటోంది. ఒకరోజు గోడ ముందు నిలబడి మొత్తం చదివి, పండరికి తనే చాయ్ తెచ్చి ఇచ్చింది.

జనవరి చివర్లో ఒక తెల్లవారుజామున పండరికి ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. మహమ్మద్ నగర్ నుంచి, బీర్కూర్ నుంచి, ఏనాడో గోడల మీద పేర్లు రాయించుకున్నవాళ్ళు కొందరు వచ్చారు. సోనాబాయి ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

దానికి ముందురోజు సాయంత్రం అతను ఆమె రేకుల కింద ఒక బోర్డు ఆనించి వెళ్ళాడు. ఆమె అడగలేదు. రెండడుగుల రేకుముక్క, పచ్చటి నేల మీద ఎర్రటి అక్షరాలు: 'సోనాబాయి చాయ్'. చాంద్రి దాన్ని పండరి పోయిన పదకొండో రోజు తీసి తీగతో కట్టింది. రంగు అప్పటికి పూర్తిగా ఎండిపోయింది. 'య్' కింద మూలన మాత్రం, పచ్చిగా ఉన్నప్పుడు ఆరిందో లేదో అని రాసినవాడే తాకి చూసిన వేలిముద్ర ఒకటి, గీతలతో సహా స్పష్టంగా నిలిచిపోయింది.