అల్లుడు తెచ్చిన చప్పటి ఆపిల్ పళ్లు

పెళ్లయిన కొత్తలో, వేరే ఇల్లు దొరికేదాకా, అల్లుడు అత్తగారింట్లోనే ఉండాల్సి వచ్చింది. ఊరికే తింటున్నట్టు ఉంటుందని ఓ సాయంత్రం పెట్టెడు ఆపిల్ పళ్లు మోసుకొచ్చాడు. అతను గడియారాలు బాగుచేస్తాడు. గడియారపు పళ్లచక్రంలో వెంట్రుకవాసి తేడా పట్టే ఆ కన్ను, పండు నిగనిగ చూసి మోసపోయింది. కోస్తే లోపల పిండిపిండిగా, తడిసిన దూది నమిలినట్టుంది.

అత్తగారి నోటికి వీధంతా జడుస్తుంది. వియ్యపురాలి కూరలో ఉప్పెక్కువైనా మొహం మీదే చెప్పేసే మనిషి. అలాంటిది ముక్క వెనక ముక్క మింగి, గ్లాసుడు నీళ్లు తాగి, "భలే ఏరి తెచ్చారు బాబూ" అంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు భార్య డ్యూటీకి వెళ్లాక వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యా, మీకు అబద్ధం చెప్పడం రాదు. నేనూ తిన్నాను."

ఆమె పకపకా నవ్వేసింది. "పారేయడానికి మనసొప్పడం లేదు బాబూ. అంత బరువు మోసుకొచ్చారాయె. రండి, ఉడికించి చూద్దాం."

ఇద్దరూ కూర్చుని తొక్క తీశారు. మందపాటి గిన్నెలో ముక్కలు, వెన్న, చక్కెర వేసి సన్నటి సెగ మీద పెట్టారు. మెత్తబడ్డాక చూస్తే తీపి వచ్చింది గాని రుచి రాలేదు. ఆమె నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు, కాస్త దాల్చినచెక్క పొడి వేసింది. గరిటె అతని చేతికిచ్చి నీళ్లు పట్టడానికి వెళ్లింది. కమ్మటి వాసన లేస్తుంటే అతను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

"ఒరేయ్, అడుగంటుతోంది, కలుపు. నీ చేతికిచ్చినందుకు నన్ననాలి."

అనేసి నాలిక్కరుచుకుంది. అల్లుణ్ణి 'మీరు' తప్ప మరో మాట అనలేదు ఇంతవరకు.

అతను గబగబా కలుపుతూ, "అలాగే అనండి అత్తయ్యా. మీరు బాబూ బాబూ అంటుంటే మారు వడ్డించమని అడగడానికి మొహమాటంగా ఉంటోంది" అన్నాడు.

"చెప్పవేం మరి? అర్ధాకలితో లేస్తున్నావా ఇన్నాళ్లూ? ముందు ఆ మంట తగ్గించు."

అడుగున పట్టి ఎర్రబడిన ముక్కలే అన్నిటికంటే రుచిగా తేలాయి. సాయంత్రం కూతురు వచ్చేసరికి అత్తా అల్లుడూ గిన్నెకు చెరోవైపు కూర్చుని అడుగు గోకుతున్నారు.

"నాకేదీ?" అందామె.

"పెట్టెలో సగం అలాగే ఉన్నాయి. చేతులు కడుక్కొచ్చి తొక్క తియ్యి," అంది తల్లి.