సీట్లలో ఇంకిన వానలు

నతానియేలు లారీ షోరూములో అడుగు పెట్టేనాటికి అతని దగ్గరున్నది నాలుగు లక్షల ముప్పై ఐదు వేలు. ఉయ్యూరు బస్టాండు పక్కన మూడేళ్లు సెల్‌ఫోన్లు బాగుచేసి కూడబెట్టిన సొమ్ము. ఆ డబ్బుకి పాత లారీ అయితే అప్పు లేకుండానే వచ్చేది. కానీ పాత లారీకి ఏసీ ఉండదు. అతనికి కావలసింది లారీ కన్నా ముందు ఏసీ.

కిందటేడు మే నెలలో అతని తండ్రి శౌరయ్యకి కంకిపాడు దగ్గర, స్టీరింగు మీద చెయ్యి ఉండగానే వడదెబ్బ తగిలింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. "ఇంకోసారి ఇలా ఎండ తగిలితే మా చేతుల్లో ఉండదు," అన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. మధ్యాహ్నం కునుకులో కూడా ఎడమకాలు ఆడుతుండేది, లేని క్లచ్చి తొక్కుతున్నట్టు. అది చూడలేక నతానియేలు లెక్కలు వేశాడు. లెక్కలంటే అతనికి మంచినీళ్ల ప్రాయం. అరవై నెలల లోను, ఏసీకి రెండేళ్ల వారంటీ, ఉయ్యూరు నుంచి విజయవాడ వన్ టౌన్‌కి రోజూ ఒక లోడు పంచదార. అన్నీ కలిశాయి.

ఏప్రిల్ మొదటి వారంలో తెల్లటి కొత్త బండి గుణదల కొండ కింద ఆగి, ఫాదరుగారి చేత మంత్రించిన నీళ్లు చల్లించుకుని ఇంటికొచ్చింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఎవరూ తీయలేదు. కవర్లు తీసేశాక అది కొత్త బండి ఎట్లా అవుతుంది?

వన్ టౌన్ గొడౌన్ యజమాని వెంకటకృష్ణారావుగారు బస్తాలు దింపించుకునేది మధ్యాహ్నం ఒంటిగంటకే. ఆ సందులో లారీ పట్టేది అప్పుడే. కాబట్టి రోజూ మిట్టమధ్యాహ్నపు ప్రయాణం. శౌరయ్య చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుని, పక్కన కొడుకుని కూచోబెట్టుకుని, పెళ్లికొడుకులా నడిపేవాడు. అట్లా పద్దెనిమిది రోజులు నడిచింది.

పందొమ్మిదో రోజు పెనమలూరు దాటగానే ఏసీలోంచి పొయ్యి దగ్గరి గాలి కొట్టింది. నతానియేలు ఉన్న బటన్లన్నీ నొక్కాడు. శౌరయ్య పై బొత్తాం విప్పాడు, కాసేపటికి రెండోది. ఇల్లు చేరేసరికి అతని మాట ముద్దముద్దగా వస్తోంది.

"రేపు నేనూ వస్తా," అంది అమలమ్మ. శౌరయ్య తల్లి, డెబ్బై నాలుగేళ్లు. "మధ్యలో చోటుందిగా."

ఎందుకు వస్తానందో తండ్రీ కొడుకులిద్దరికీ తెలుసు. అమలమ్మ తాను తడిసిన వాన ఏదైనా చెప్పిందంటే, చెప్పినచోట ఆ వాన చలవ దిగుతుంది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పక్కింటి తెరేసమ్మ కూతురు పురిటికొచ్చినప్పుడు కరెంటు పోతే, వెళ్లి ఒక చిన్న జల్లు చెప్పి వచ్చింది. చెప్పిన వాన రెండోసారి పనికిరాదు. అందుకే ఏడాదికి రెండో మూడో, ఉప్పు చల్లినట్టు పొదుపుగా వాడేది.

మర్నాడు నలభై రెండు డిగ్రీల ఎండలో, ఇద్దరి మధ్యా కూచుని మొదలుపెట్టింది.

"నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా అమ్మ నాట్లకి దిగి, నన్ను గట్టు మీద అన్నం గిన్నెకి కాపలా పెట్టింది. వాన అందుకుంది. గిన్నె తడవకుండా దాని మీద బోర్లా పడుకున్నా."

"అన్నం తడవలేదా అమ్మా?" అన్నాడు శౌరయ్య.

"లేదు. తినేశా. నోటి దగ్గరే ఉందిగా!"

శౌరయ్య పకపకా నవ్వాడు. అప్పటికే అద్దాలకి లోపలివైపు ఆవిరి పట్టింది. నతానియేలు డాష్‌బోర్డు మీద పెట్టుకున్న థర్మామీటరు ఇరవై నాలుగుకి దిగింది. క్యాబిన్ నిండా తడిసిన వరినారు వాసన. శౌరయ్య మళ్లీ మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

లోడు దింపి అటునుంచటే సర్వీస్ సెంటరుకి వెళ్లారు. అక్కడి అడ్వైజరు కిరీటి ఏసీ మూతికి సూదిలాంటి మీటరు పెట్టి చూశాడు.

"ఇరవై నాలుగు చూపిస్తోందండి. ఇది ఫాల్టు కిందకి రాదు."

"అది ఏసీ కాదండి. మా నాయనమ్మ."

కిరీటి తల తిప్పి అమలమ్మని చూశాడు. "అట్లాగా! నమస్కారమండీ మామ్మగారూ. ఏ ఏడు వానండీ?"

"నాకు తొమ్మిదో ఏడు, బాబూ."

"బాగా పట్టిన వానేనండి. చలవ ఇంకా నిలబడి ఉంది." అతను ట్యాబ్ చూపించాడు. "నాకు తెలుస్తోందండి, ఏసీ పనిచెయ్యట్లేదు. కానీ రీడింగు ఇందులో ఎక్కించాలి. ముప్పై దాటితేనే కంపెనీ వారంటీ ఒప్పుకుంటుంది. కంప్లయింటు కాలమ్‌లో వాన అని రాయడానికి లేదు. మామ్మగారు లేకుండా తీసుకురండి."

రెండురోజుల తర్వాత ఎండ ముదరక ముందే అమలమ్మని ఇంట్లోనే ఉంచి వచ్చారు. మీటరు ఇరవై ఆరు దగ్గర ఆగింది. కిరీటి సీటు మీద అరచెయ్యి ఆనించి, ప్లాస్టిక్ కవరుని వేలితో మీటాడు.

"ఇదండీ సంగతి. కవర్లు తీయలేదు మీరు. చెప్పిన వానలన్నీ సీట్లలో ఇంకిపోయి ఉన్నాయి. ఆరే దారేది? ఇవి పీకేసి, రెండు రోజులు వానలేవీ చెప్పకుండా ఎండలో పెట్టండి."

"కవర్లు తీయడమా? బండొచ్చి నెల కాలేదు!" అన్నాడు శౌరయ్య, ఎవరో బండికి గీత పెట్టినట్టు.

నతానియేలు ఆలోచన వేరు. రెండు రోజులంటే, ఆదివారం పోను, ఒక లోడు మానుకోవాలి. ఒక్క లోడు తప్పినా బేరం ఇంకొకరికి పోతుందని వెంకటకృష్ణారావుగారు ముందే చెప్పారు. వేరే డ్రైవరుని పెట్టడమంటే తండ్రిని మళ్లీ ఆ కుర్చీలో కూచోబెట్టడం. తన లైసెన్సు కారు దాకానే. దారిలోనే మనసులో లెక్క కట్టాడు. ఊహ తెలిశాక డెబ్బై ఏళ్లు, ఏడాదికి నలభై వానలు, మొత్తం రెండువేల ఎనిమిది వందలు. నెలకి ఇరవయ్యారు ట్రిప్పులు. భాగిస్తే నూట ఏడు నెలలు.

"నాయనమ్మా, నీ దగ్గర తొమ్మిదేళ్లకి సరిపడా వానలున్నాయి. మన లోను ఐదేళ్లే!"

"కురిసినవన్నీ గుర్తుంటాయట్రా? ఏదో ఒకటి జరిగిన వానే గుర్తుంటుంది," అంది అమలమ్మ. అతను మిగతా లెక్కలో ఉండి ఆ మాట పట్టించుకోలేదు.

మే వచ్చింది. రోజుకో వాన. చెరకు బళ్ల మధ్య ఫ్యాక్టరీ గేటు ముందు కురిసిన వాన. చర్చిలో మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకున్న నాడు తెల్లగౌను మీద బురద చిందిన వాన. శౌరయ్య కడుపులో ఉండగా కాలవ లాకుల మీద నడుస్తుంటే కురిసిన వాన. ఎండ ముదిరేకొద్దీ సన్నజల్లులు చాలడం లేదు. నలభై నాలుగుకి జడివాన కావలసి వచ్చింది. లోపల మాత్రం లారీ నీళ్ల అడుగున పడవలా పోయేది. అద్దాల అవతల బెంజి సర్కిల్ జనం చున్నీలూ తువ్వాళ్లూ చుట్టుకుని మెల్లగా తేలుతున్నట్టు కనిపించేవారు. శౌరయ్య ఒళ్లు చేశాడు. ఈలపాట మళ్లీ వచ్చింది.

వాన చెప్పిన ఇరవై తొమ్మిదో ట్రిప్పు నాడు నలభై ఆరు డిగ్రీలు. అమలమ్మ కొంగు కొసకి ముడి వేస్తూ విప్పుతూ కూచుంది. శౌరయ్య చెంపల మీద చెమట ధార కట్టింది. స్టీరింగు మీద చెయ్యి జారింది. అప్పుడు చెప్పింది.

"అంతోని నాకోసం కాలవగట్టు మీద వచ్చాడు. కాలవ నీళ్లు చూసుకునే లస్కరు ఉద్యోగం వచ్చిన కొత్త. సైకిలెక్కించుకుని ఉయ్యూరు తిప్పుతానన్నాడు. ఒకటే వాన. నల్లమట్టి చక్రాలకి చుట్టుకుని కదలదే! సైకిలు భుజాన వేసుకుని వస్తున్నాడు. 'ఎక్కించుకుంటానన్నావుగా' అన్నా. 'ఇదే నన్నెక్కింది, నువ్వు కాస్త దించుదువు రా' అన్నాడు. ఇద్దరం చెరో చక్రం పట్టుకుని మోశాం, మా ఇంటి దాకా. మా నాన్న చూసి, సైకిలు సంగతి అడగలేదు, పెళ్లెప్పుడని అడిగాడు."

అంత చల్లటి వాన అంతకుముందు రాలేదు. థర్మామీటరు పదిహేడుకి పడింది. నతానియేలు వొళ్లంతా గగుర్పొడిచింది.

ఆ సాయంత్రం అమలమ్మ గోడ మీది ఫోటోకి ఎప్పటిలాగే దుమ్ము తుడుస్తూ ఆగింది. "ఒరేయ్, ఈయన ఎవరు?" అంది మామూలుగా. "ముఖం మంచిది. మనవాళ్లేనా?"

నతానియేలు ఫోటో వంక చూశాడు. తాత అంతోని. సైకిలు వానతో పాటే ఆయనా ఆమెలోంచి వెళ్లిపోయాడు. "ఎవరో పెద్దాయన," అని మళ్లీ తుడవసాగిందామె. గొంతులో వెతుకులాట కూడా లేదు. వెతకడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.

అతను బయటికొచ్చి అరుగు మీద కూచున్నాడు. అంతవరకూ ఒక వానకీ ఇంకో వానకీ తేడా లేనట్టు, బస్తాల్లా లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిది. శౌరయ్య వచ్చి పక్కన కూచున్నాడు. ఫోటో సంగతి అతనూ విన్నాడు.

"కవర్లు తీసేద్దాం రా," అన్నాడు.

నతానియేలు వెంకటకృష్ణారావుగారికి ఫోన్ చేశాడు.

"రేపు శనివారం లోడు తేలేనండి."

"ఏం? బండి పడిందా?"

"లేదండి. ఆరబెట్టాలి."

"అట్లాగైతే సోమవారం నుంచి రావక్కర్లేదు నాయనా. నాకు అవతల ముగ్గురు కాచుకుని ఉన్నారు."

"సరేనండి," అన్నాడు నతానియేలు. నెలకి ఎంత పోతుందో నోటి చివరే ఉంది. దాన్ని మింగి ఫోన్ పెట్టేశాడు.

శనివారం పొద్దున ఇంటి ముందు లారీ తలుపులు రెండూ బార్లా తెరిచి, శౌరయ్యే కత్తెర పెట్టి మొదటి కవరు కోశాడు. బుస్సుమని చలిగాలి లేచింది. రెండో కవరు తీసేసరికి సీట్లలోంచి వానలు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి వీధిలో పడ్డాయి. చుక్క నేల రాలలేదు కానీ ఆరేసిన బట్టలు బరువెక్కాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా మంచాలు బయటికొచ్చాయి. తెరేసమ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చి తలుపు దగ్గర నించుంది. "అమలమ్మత్తా, ఇన్ని దాచావా!" అంది.

అమలమ్మ ఆ గాలిలో అటూ ఇటూ నడిచింది. చేతులు చాపి చూసుకుంది. "బాగుంది. ఎక్కడి వానలో," అంది, చుట్టాలింట్లో పిండివంట మెచ్చుకున్నట్టు. ఒక్కటీ ఆనవాలు పట్టలేదు.

నతానియేలు కదలకుండా నించున్నాడు. అతనికి ఒక్కోటీ తెలిసిపోతోంది. ఇది వరినారు వాసన, గట్టు మీద గిన్నె. ఇది తెల్లగౌను. ఈ బరువైన గాలి లాకుల మీది నడక, అందులో నాన్న ఉన్నాడు. ఇదిగో, ఈ నల్లమట్టి... ఇరవై తొమ్మిదీ వరస తప్పకుండా అతని ముందునుంచి పోయాయి. ఎప్పుడు విన్నాడో, లెక్కలు వేసుకుంటూనే ఎట్లా విన్నాడో తెలియదు.

సోమవారం తెల్లవారుజామునే శౌరయ్య బండి తీశాడు. సర్వీస్ సెంటరు ఆవరణలో ఎండలో పెట్టాక పదకొండింటికి కిరీటి మీటరు పెట్టాడు. నలభై తొమ్మిది. ట్యాబ్‌లో ఎర్రగీత పచ్చబడింది.

"వారంటీ పాసయిందండి! ఏసీ బయటివైపు ఫ్యాను మోటారు ఎప్పుడో కాలిపోయింది. కొత్తది వేసేస్తాం, మీరు రూపాయి కట్టక్కర్లేదు." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మామ్మగారు కులాసాయేనా?"

నతానియేలు తలూపాడు.

చల్లబడ్డాక తిరిగొస్తుంటే ఏసీ జోరుగా పనిచేస్తోంది. ఇరవై రెండు డిగ్రీలు, అక్కడి నుంచి అటూ ఇటూ కదలదు. శౌరయ్య బొత్తాలన్నీ పెట్టుకున్నాడు.

"ఈ చలికి వాసనే లేదేంట్రా," అన్నాడు కంకిపాడు దగ్గర. ఇంకో మైలు పోయాక అన్నాడు, "అమ్మ చెప్పినవి నేను రోడ్డు చూసుకుంటూ సగం వినలేదు. నువ్వన్నీ విన్నావా?"

"విన్నా నాన్నా."

"చెప్పగలవా?"

"చెప్పగలననుకుంటా."

"చెప్తే నీక్కూడా పోతాయేమో. ఆమెకి చేరతాయో లేదో కూడా తెలీదు."

నతానియేలు మామూలుగా అయితే అలా పోయే అవకాశం ఎంతో పైకి లెక్కగట్టేవాడు. "పోతే పోనీ. నావి కావుగా అవి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమలమ్మ అరుగు మీద కూచుని ఉంది. గోడ మీది ఫోటో దింపి ఒళ్లో పెట్టుకుంది. మనవణ్ణి చూసి కొంచెం మొహమాటంగా నవ్వింది. "ఈ పెద్దాయన పేరేంటో తెరేసమ్మని అడుగుదామనుకున్నా. ఇన్నాళ్లు మనింట్లో ఉంచుకుని పేరు తెలీకపోతే ఏం బాగుంటుంది?"

శౌరయ్య మెట్ల దగ్గరే ఆగిపోయాడు. నతానియేలు చెప్పులు విడిచి, ముక్కాలిపీట లాక్కుని నాయనమ్మకి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూచున్నాడు. నాలుక మీద చల్లగా ఏదో తగిలింది. అతనింకా నోరు తెరవనేలేదు. ఆమె ఒళ్లోని ఫోటో అద్దం మీద సన్నగా ఆవిరి పట్టింది. ఏ వాన ముందు చెప్పాలో క్షణం తేల్చుకుని, ఊపిరి తీసుకున్నాడు.