పూతరేకు మీద రమణి తల

పొద్దున్న కాఫీలయ్యేసరికి రత్నమాల పొయ్యి ముందు కూర్చుంటుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటాయి. బియ్యప్పిండి పాలలా జారుగా కలిపి, అందులో పల్చటి గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తుంది. కుండ మీద కాగితం కన్నా పల్చటి రేకు మిగులుతుంది. దాన్ని ఊడదీసి పక్కన పెట్టి మళ్ళీ గుడ్డ ముంచుతుంది.

కొత్తపేట చుట్టుపక్కల ఇలాంటి పూతరేకుల పొయ్యిలు చాలానే ఉన్నాయి. రత్నమాల పొయ్యికున్న తేడా ఒక్కటే. ఆమె కాక దాని ముందు ఇంకెవరు కూర్చుంటే వాళ్ళ తలకాయ లోపలి మెదడు బొమ్మ రేకు మీద దిగుతుంది. లేత గోధుమరంగు గీతలతో, అడ్డంగా కోసిన క్యాబేజీలా, ఒక్కో రేకు మీద ఒక్కో పొర వస్తుంది.

దీనివల్ల ఊరికి ఇబ్బందేమీ లేదు. నెయ్యీ పంచదారా వేసి మడిచేస్తే ఎవరి తలైనా ఒకటే రుచి. వాటిని కొనే రాజమండ్రి మిఠాయి కొట్లవాళ్ళు కూడా ఎప్పుడూ ఏమీ అడగలేదు. పొద్దస్తమానం ఆ పొయ్యి దగ్గరే కబుర్లాడే వీరమ్మ తల ఈపాటికి హైదరాబాదు, బెంగుళూరు చూసి ఉంటుంది. ఆవిడ మాత్రం మండపేట దాటలేదు. మాజీ సర్పంచి కేశవరావు గారు ఒకసారి తన రేకుకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టించారు. చీమలు పట్టాయి. ఆ రేకు అంత నున్నగా ఎందుకొచ్చిందని ఊళ్ళో చర్చ జరిగింది. ఆయన ఎదురుగా మాత్రం అందరూ కుండనే తప్పుపట్టారు.

రత్నమాల మొగుడు కుమారస్వామి కువైట్‌లో క్రేను తోలి వచ్చినవాడు. ఎత్తులో కూర్చోవడం అలవాటై, దిగాక కూడా ఊరిని కాస్త పైనుంచే చూస్తాడు. అతని గొప్పలన్నిటికీ ఆధారం ఒక్కగానొక్క కూతురు రమణి. అమలాపురంలో బీఎస్సీ చదువుతోంది. రమణి పొయ్యి ముందు కూర్చుని పాఠాలు చదువుకున్నప్పుడు వచ్చిన రేకుల్ని కుమారస్వామి అమ్మనివ్వలేదు. బిస్కట్ల డబ్బాలో దూది పరిచి దాచాడు. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళ కంటే ముందు అవే చూపించేవాడు.

"చూడండి కేశవరావు గారూ, మడతలు ఎంత ఒత్తుగా ఉన్నాయో! మధ్యలో సీతాకోకచిలుకలా కనపడుతోందే, అది ఖాళీ అండి. ఎంత చిన్నదో చూడండి. మిగతాదంతా సరుకే."

"ఆయ్, సరుకేనండి" అనేవారు కేశవరావు గారు, తన ఫ్రేము గుర్తొచ్చి.

రెండో ఏడాది వానాకాలంలో రమణి కాలేజీ మానేసింది. ముందు తలనొప్పి అంది. తర్వాత ఫ్యాను తనని పేరు పెట్టి పిలుస్తోందని ఆపేసింది. ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. బస్సులో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారంది. మా ఊరి బస్సులో అందరూ అందరి గురించీ మాట్లాడుకుంటారు కాబట్టి, దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. స్నానం మానేసి, కిటికీకి దుప్పటి కట్టి, ఎవరూ లేనిచోట ఎవరికో జవాబు చెబుతుంటే అప్పుడు అనుకున్నారు. కుమారస్వామి ముందు మాత్రం అనలేదు.

ఆ రోజుల్లోనే రేకులు మారాయి. రమణి అప్పుడప్పుడు వచ్చి తల్లి పక్కన మాట్లాడకుండా కూర్చునేది. అప్పుడు దిగిన బొమ్మల్లో మధ్య సీతాకోకచిలుక రెక్కలు కాస్త విచ్చుకున్నాయి. అంచు కాస్త పల్చబడింది. పెద్ద తేడా కాదు, వెంట్రుకంత. ఆ వెంట్రుకే రత్నమాల కంట్లో పడింది.

"ఏవండీ, పిల్లని కాకినాడ డాక్టరు దగ్గరికి తీసికెళ్దామండి."

"పిల్లకేమైంది? పిండి పల్చనైంది" అన్నాడు కుమారస్వామి.

బియ్యం మార్పించాడు. గుడ్డ మార్పించాడు. కుండ పాతబడిందని కుమ్మరి చేత కొత్తది చేయించాడు. కొత్త కుండ మీద వీరమ్మ తల ఎప్పటిలాగే వచ్చింది. రమణిది పల్చటి అంచుతోనే వచ్చింది. అయితే కొబ్బరాకులు తడిసి ఉంటాయన్నాడు. పొయ్యిని తూర్పు నుంచి ఉత్తరానికి తిప్పించాడు. ఆ ఇంట్లో మారకుండా మిగిలింది అతనొక్కడే. వచ్చినవాళ్ళకి మాత్రం పాత రేకులే తీసి, ఇవాళ్టివని చూపిస్తూ వచ్చాడు.

ఒక ఆదివారం కేశవరావు గారు వచ్చారు. కుమారస్వామి డబ్బా తెరిచాడు.

"నిన్న దిగిందండి ఇది. పిల్ల ఇంట్లోనే కూర్చుని చదువుకుంటోంది. కాలేజీలో చెప్పేది దానికి చాలడం లేదు."

గది తలుపు తెరుచుకుంది. రమణి వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. జుట్టు అట్టలు కట్టి ఉంది. నలుగురిలోకి వచ్చి చాన్నాళ్ళయింది.

"నాన్నగారూ, అది పాతదండి" అంది.

"నువ్వు లోపలికెళ్ళమ్మా."

"అమ్మా, ఒకటి తియ్యి."

రత్నమాల గుడ్డ ముంచింది. రేకు ఊడదీసి కూతురి చేతిలో పెట్టింది. రమణి దాన్ని తండ్రి చేతిలోని రేకు పక్కన పెట్టి, వాకిలి వెలుతురుకి ఎత్తి చూపించింది. ఎత్తేసరికి కొత్త రేకు అంచు పొడిపొడిగా రాలింది.

"మీరు అందులో చూస్తున్నారండి నన్ను. నేను ఇందులో ఉన్నాను. ఇక్కడ నాకు భయంగా ఉంది. నన్ను తీసికెళ్ళండి నాన్నగారూ."

ఎప్పటిలాగే పొయ్యి దగ్గరున్న వీరమ్మ అందుకుంది.

"ఏం కుమారస్వామీ, నా కంటికి పొర కమ్మితే కోయించుకోలేదా? నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆటో దిగితే ఊరంతా వచ్చి చూసేరు. కంటికి లేని పరువు తలకెందుకయ్యా? అదేమన్నా ఒంట్లోది కాదా?"

కుమారస్వామి కూతురి చేతిలోని రేకు వంక చూశాడు. పిండి గురించి ఏమీ అనలేదు. చొక్కా మార్చుకుని ఆటో పిలిచాడు. డబ్బా కూడా సంచిలో పెట్టుకున్నాడు, ఎందుకో అతనికే తెలీదు.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ రమణితో విడిగా కూర్చుని మాట్లాడింది. పెద్ద యంత్రంలో పడుకోబెట్టి తలకి స్కాన్ తీయించింది. ఆ యంత్రం మోత ఎక్కువే కానీ ఫ్యాను కన్నా మర్యాదస్తురాలని, ఒక్కసారి కూడా తనని పేరు పెట్టి పిలవలేదని రమణి చెప్పింది.

"గడ్డలూ అవీ లేవని చూసుకోడానికి తీయించేనండి, ఏమీ లేవు" అంది డాక్టరమ్మ. "ఇది సైకోసిస్, లేని గొంతులు వినిపించి, లేని అనుమానాలు పుట్టించే జబ్బు. మొదట్లోనే ఉంది. ఫిల్మ్ చూసి చెప్పే జబ్బు కాదు, అమ్మాయి మాటలు విని చెప్పేది. కొందరికి మెదడులో సన్నటి మార్పులు వస్తాయి. కానీ మనిషికీ మనిషికీ తల ఎలాగూ తేడాగానే ఉంటుంది కదా. జబ్బుకి ముందు తీసిందుంటేనే ఈ అమ్మాయిలో ఏం మారిందో తెలుస్తుంది. బాగున్నప్పుడు ఎవరు తీయించుకుంటారండి?"

కుమారస్వామి సంచిలోంచి డబ్బా తీశాడు.

డాక్టరమ్మ మూత తెరిచి చూసింది. "నెయ్యి రాసేరా?"

"లేదండి, ఒట్టి రేకులే."

"అయితే అంటుకోవు" అని, వాటిని వెలుగుపెట్టె మీద కొత్త ఫిల్ముల పక్కన వరసగా పరిచింది. కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూసింది. "తేడా ఉందండి. కొంచెమే. మందులు ఇవాళే మొదలుపెడదాం. పూజలూ తాయెత్తులూ అన్నీ అయ్యాక, ఏళ్ళు గడిచాక తీసుకొస్తారు చాలామంది. మీరు పెందలాడే తెచ్చేరు."

"మేం తేలేదండి. మా అమ్మాయే మమ్మల్ని తీసుకొచ్చింది" అన్నాడు కుమారస్వామి. ఉన్నది ఉన్నట్టుగా గొప్ప చెప్పుకోవడం అతనికి అదే మొదలు.

"పల్చబడింది మళ్ళీ మందమవుతుందాండి?" అని అడిగింది రత్నమాల.

"మాటివ్వలేనమ్మా. ఇంకా పల్చబడకుండా చూద్దాం. మనిషి మాత్రం చాలావరకు తిరిగి రావచ్చు."

మందులకి మొదట నిద్ర ముంచుకొచ్చింది, ఒళ్ళు కూడా వచ్చింది. డాక్టరమ్మ మందు మార్చింది. కాకినాడ వెళ్ళిరావడం ఇంటి పనుల్లో ఒకటైంది. చలికాలానికి కిటికీ దుప్పటి ఊడింది. రేకుల మీద సీతాకోకచిలుక ఆ విచ్చుకున్న రెక్కలతోనే ఆగింది, ఇక పెరగలేదు. కుమారస్వామి ఇప్పుడు ఆ రేకునే చూపిస్తున్నాడు. "ఆగిందండి" అంటాడు, క్రేను తనే ఆపినట్టు.

అది విన్న కేశవరావు గారు ఇంటికెళ్ళి, ఏళ్ళ తరబడి గది దాటని తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పొయ్యి ముందు కూర్చోబెట్టారు. తమ్ముడికి పూతరేకులంటే ఇష్టమని చెప్పారు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. మా ఊళ్ళో వింత అంటే అదీ.

రమణి మళ్ళీ కాలేజీకి బయల్దేరిన పొద్దున వీధిలో అందరికీ బస్టాపు దగ్గరే పని పడింది. వీరమ్మ అక్కడ కూర కొంది, అక్కడ కూరలు అమ్మరు. రమణి వంచిన తల ఎత్తకుండా బస్సెక్కింది. ఆ పగలంతా కుమారస్వామి ఏ గొప్పా చెప్పలేదు. సాయంత్రం బస్సు వచ్చేసరికి మళ్ళీ అందరూ అక్కడే ఉన్నారు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు కుమారస్వామి.

"ఎక్కగానే ఆ గొంతు వచ్చిందండి. దిగిపో, దిగిపో అంది."

కుమారస్వామి కూతురి సంచి అందుకున్నాడు. "మరి నువ్వేమన్నావు?"

"కిటికీ పక్క సీటు దొరికిందండి, నేను దిగను, మీకు ఇబ్బందైతే మీరు దిగండి అన్నాను."

"దిగిందా?" అంది వీరమ్మ.

"అంబాజీపేటలో దిగిందండి. రేపు మళ్ళీ ఎక్కుతుందేమో."

ఆ రాత్రిలోగా కుమారస్వామి ఊళ్ళో ప్రతి గుమ్మం దగ్గరా ఆగాడు. కూతురు బస్సు దిగలేదని ఒక్కసారే చెప్పాడు. ఆ గొంతుతో మాట్లాడేటప్పుడు కూడా అండీ అనడం మరిచిపోలేదని మాత్రం ప్రతి ఇంట్లోనూ రెండేసి సార్లు చెప్పాడు.