పన్నెండో జాకెట్

ఖాతూన్‌బీ ఎనిమిదో జాకెట్‌ను మోకాళ్ల మధ్య బిగించి పట్టీని మూడుసార్లు గుంజింది. కుట్టు కదల్లేదు. అయినా నమ్మకం చాలక నాలుగోసారి గుంజి, ఎండకు పట్టి చూసి పక్కన పెట్టింది.

మైలవరం డ్యాం పక్కన చిన్న రేకుల షెడ్డు. అందులో చేత్తో తిప్పే కుట్టుమిషను, దారపు కండెలు, నారింజ రంగు లైఫ్ జాకెట్ల కుప్ప. బయట కనుచూపు మేరా నీళ్లు. ఆదివారం వస్తే ‘నీటిబడి’ సంస్థవాళ్లు ఇక్కడ పిల్లలకు పడవ నడపడం నేర్పుతారు. కాళ్లు పనిచేయనివాళ్లు, చూపు లేనివాళ్లు, వినికిడి తక్కువ ఉన్నవాళ్లు, ఏ లోపమూ లేనివాళ్లు, అందరూ కలిసే. పడవకు ఇద్దరు. ఇద్దరిలో ఒకరికి ఏదో ఒక ఇబ్బంది ఉండాలి, రెండోవాళ్లకు ఉండకూడదు. అది వాళ్ల పద్ధతి.

ఖాతూన్‌బీ అక్కడ వాలంటీరు. ప్రొద్దుటూరులో బట్టలకొట్లకు నైటీలు కుట్టే మనిషి. ఈత రాదు, పడవ సంగతి తెలియదు. పద్నాలుగేళ్ల కూతురు ఆర్షియా బడిలో పేరిచ్చి వచ్చింది. వద్దంటే రెండు పూటలు అన్నం మానేసింది. పక్కన తానుంటే చాలనుకుని ఖాతూన్‌బీ కూడా చేరింది.

గ్యాసు కట్టేసి వీధి చివరిదాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయి చూసుకునే మనిషి ఆమె. ఆర్షియాకు రెండేళ్లప్పుడు వెనకాల స్టీలు బిందె దభీమని పడింది. పిల్ల తల తిప్పలేదు. ఆనాటి నుంచీ లారీ, ఆటో, ఎద్దు, వెనకనుంచి ఏది వచ్చినా ఆ పిల్ల మీదికే వస్తున్నట్లుంటుంది ఆమెకు. ఒకే భాష వింటే మాటలు వస్తాయని డాక్టరు చెప్పినందుకు ఇంట్లో ఉర్దూ మానేశారు. పుట్టింటివాళ్లతో ఫోనులో మాట్లాడాలంటే ఖాతూన్‌బీ మిద్దె మీదికి పోతుంది. బండల ఫ్యాక్టరీలో పాలిషు పట్టే భర్త అబ్దుల్ సత్తార్, “నీ భయానికి మందు ల్యా” అంటాడు.

పదకొండు జాకెట్లు అయిపోయాయి. అన్నిటికన్నా చిన్నదైన పన్నెండోది గుడ్డల మూట కింద ఉంది.

అది ఆర్షియాకు తప్ప ఎవరికీ పట్టదు. జాకెట్ తొడిగాక పడవలు చూసుకునే ఆదినారాయణ భుజాల దగ్గర పట్టి పైకి లేపుతాడు. చెవులదాకా జారిందంటే పడవ లేదు. పెద్ద జాకెట్లన్నీ ఆ బక్కపిల్లకు చెవులదాకా వస్తాయి. మూడు వారాల కింద, ఎవరూ లేనప్పుడు, ఖాతూన్‌బీ ఆ చిన్న జాకెట్ నడుంపట్టీని బ్లేడుతో విప్పేసింది. బకిల్ తీసి ముళ్లకంపలోకి విసిరేసింది. ఇరిగిపోయిందన్నా, ప్రొద్దుటూరంతా తిరిగినా దొరకలే అని ఆదినారాయణకు చెప్పింది. ఆనాటి నుంచీ ఆర్షియా గట్టు మీదే. ఆమె జోడీ దీప్తి కూడా గట్టు మీదే.

ఎల్లుండి కాలవలకు నీళ్లు వదులుతారు, డ్యాంలో నీళ్లు తగ్గిపోతాయి. ఇక పడవలు వచ్చే ఏడాదికే. ఈ ఒక్క పూట గడిస్తే చాలు.

“ఆంటీ! బకిల్ దొరకలేదంట గదా. ఇదో!”

దీప్తి రొప్పుకుంటూ వచ్చింది. పులివెందుల దగ్గర చీనీతోటల రైతు మనవరాలు. రెండు బస్సులు మారి వస్తుంది. అరచేతిలో నల్లటి బకిల్.

“యాడిదే పాపా?”

“నా స్కూలు బ్యాగుది, కోసేసినా. మా జేజి చూసిందంటే నన్ను కూడా కోస్తాది.” పకపకా నవ్వి నీళ్ల వైపు ఉరికింది.

వెనకే ఆదినారాయణ వచ్చాడు. మూట కింది జాకెట్ లాగి, పట్టీ చివర తిప్పి చూశాడు.

“ఇది తెగినట్ల లేదే ఖాతూనమ్మా.”

“ఎలుకలేమోన్నా.”

“ఎలుకలు ఇంత తిన్నంగా కొరకతాయా?” ఆయన గొంతు పెంచలేదు. “పడవ సంగతి నేను చూసుకుంటా. ఇది నీ పని. నువ్వు కుట్టి ఇస్తే ఎక్కిస్తా, లేకుంటే ల్యా.”

జాకెట్ ఆమె ఒడిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఖాతూన్‌బీ సూదిలోకి దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించింది. పట్టీ నాలుగు వేళ్ల పొడవు ఎక్కువ పెట్టి కుడితే చాలు. భుజాలు లేపగానే జారుతుంది. తన తప్పు ఎవరికీ తెలియదు. అలాగే పెట్టి, మిషను చక్రం తిప్పింది.

తల ఎత్తితే ఎదురుగా ఆర్షియా. తల్లి చేతుల్నే చూస్తోంది.

“పొడుగయింది,” అంది. తన గొంతు తనకు సరిగా వినపడదు గనుక అన్నీ గట్టిగానే అంటుంది. “ఆపొద్దు ఇప్పతాంటివి గదా అమ్మీ, నేను చూసినా.”

ఖాతూన్‌బీ మిషను చక్రం ఆపింది. “మరి ఎవరికీ చెప్పలేదేందే?”

“చెప్తే నిన్ను ఈడికి రానీరు గదా. ఇంటికాడ ఒక్కదానివే కూర్చోని భయపడతాంటావు.”

ఖాతూన్‌బీ బ్లేడు తీసుకుని కుట్టు విప్పింది. కూతురి నడుము చుట్టూ పట్టీ పెట్టి కొలిచింది. చదరంగా నాలుగు వైపులా, మధ్యలో అడ్డంగా, మళ్లీ దాని మీదే ఇంకోసారి కుట్టింది. కుట్టు వంకర పోలేదు.

ఆదినారాయణ భుజాలు పట్టి లేపాడు. జాకెట్ జారలేదు. పిల్లే మునివేళ్ల మీద లేచింది.

“పడవ తిరగబడితే ఎట్లన్నా? దానికి అరిస్తే వినపడదు,” అంది ఖాతూన్‌బీ.

“ఎందుకమ్మా భయం? వాళ్ల పడవ ఎనకాలే మోటారు పడవలో నేనుంటా. ఈపు తట్టి చెప్పేకి దీప్తి ఉండాది.”

పడవ దగ్గర ఆర్షియా ఆగి, చెవుల వెనకనుంచి వినికిడి మిషన్లు తీసింది. తడిస్తే చెడిపోతాయి. రెండూ తల్లి అరచేతిలో పెట్టి, వేళ్లు తానే మూసి, పడవెక్కింది. దీప్తి వెనక కూర్చుని వీపు మీద తట్టింది. తెడ్లు నీళ్లలో పడ్డాయి.

“అంచున కూర్చోవద్దే! ఆర్షియా!” ఖాతూన్‌బీ గట్టు మీదినుంచి అరిచింది.

పిల్ల తిరిగి చూడలేదు. నారింజ రంగు చిన్నదవుతూ కొండ మలుపు దాకా పోయింది. దాని వెనకే మోటారు చప్పుడు కూడా పోయింది. మలుపు దగ్గర ఉత్త నీళ్లు మిగిలాయి.

అప్పుడు వినపడింది, పిడికిట్లోంచి సన్నటి కూత. ఆర్షియా వినికిడి మిషన్లను ఆపకుండా ఇచ్చినట్లుంది. ఖాతూన్‌బీ వేళ్లు విప్పితే ఆగింది, మూస్తే మళ్లీ మొదలయింది. చింతగింజంత మీట నొక్కితే ఊరుకుంటుంది. ఆమె నొక్కలేదు. పిడికిలి చెవి దగ్గర పెట్టుకుని గట్టు మీద నిలబడింది. లోపల ఆ మిషన్లు సన్నగా, ఆగకుండా కూస్తూనే ఉన్నాయి.